మూడో తరగతిలో మగ్గం గుంత

మా మునిమనవరాలు మొన్న నా మంచం మీద బోర్లా పడుకుని, కాళ్ళు గాల్లో ఆడిస్తూ ఒక లావుపాటి నవల చదువుతోంది. బళ్ళో పాఠమట. పెద్ద పట్నంలో బాగా సంపాదించే వకీలు ఒకడు ఉన్నట్టుండి మనసు మారి, ఇల్లు లేక రోడ్ల పక్కన పడుకునేవాళ్ళ తరఫున కోర్టుకెక్కుతాడట. చదువుతూ చదువుతూ ఆ పిల్ల తలెత్తి, "అవ్వా, మీ చిన్నప్పుడు స్కూల్లో ఇట్లాంటి నవలలు చెప్పేవాళ్ళా? మీకేం తెలుసులే పాపం" అంది.

ఆ 'పాపం' అన్న మాటకు నాకు ఒళ్ళు మండింది. "నాకేం తెలుసా? లేచి కూసో ముందు. మీ పంతులమ్మ ఇయ్యాల చెప్తున్నదేమో గాని, మా మౌల్వీసాబు గా కాలంలనే చెప్పిండు. నువ్వు వకీలు గురించి చదువుతున్నవ్. నేను వకీలునై వాదించిన" అన్నాను. కోర్టు అంటే మా బడే అనుకోండి. ఆ సంగతి దానికి కొంచెం ఆలస్యంగా చెప్పాను.

నారాయణపేట నుంచి ఎడ్లబండి కట్టుకుని తెల్లవారకముందే బయల్దేరితే అన్నం వేళకు చేరే ఊరు మాది. అప్పుడు నాకు పదేళ్ళు ఉంటాయేమో. గడబిడ రోజులు. ఎవరు ఎప్పుడొచ్చి ఎవరిని పట్టుకుపోతారో తెలియదు. పెద్దవాళ్ళు వాకిట్లో కూర్చుని గుసగుసలాడుకునేవాళ్ళు, మేము దగ్గరికి పోతే నోళ్ళు మూసుకునేవాళ్ళు. మా బడి ఏడెనిమిది నెలలు మూతబడింది. మా మటుకు మేము ఇంత మంచి కాలం మళ్ళీ రాదనుకున్నాం. తరువాత పోలీస్ చర్య అన్నారు, యూనియన్ సైన్యం వచ్చిందన్నారు, నిజాం రాజ్యం పోయిందన్నారు. పోయింది సరే, దానికి బడి ఎందుకు తెరవాలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తెరిచిన రోజు మౌల్వీసాబు వెనకాల మేమందరం పోయాం. మౌల్వీసాబు అంటే మా బడికంతటికీ ఒక్కడే పంతులు. సన్నగా, పొడుగ్గా, ఎర్రటి నోటితో, ఎప్పుడూ ఆ నల్ల షేర్వానీలోనే ఉండేవాడు. ఉర్దూ ఆయనే, లెక్కలు ఆయనే, బెత్తం కూడా ఆయనే, కాని ఆ బెత్తంతో ఆయన వీపు గోక్కోవడమే ఎక్కువ. జేబులోంచి తాళంచెవి తీశాడు. తలుపుకు తాళం లేదు. లోపల్నుంచి టకటకా టకటకా చప్పుడు. అందరం ఆయన షేర్వానీ పట్టుకుని వెనక్కి నక్కాం. ఆయన పట్టుకోవడానికి ఎవరూ లేరు పాపం.

తలుపు తోస్తే మూడో తరగతి గది నడుమ నేలలో గుంత. గుంతలో కాళ్ళు పెట్టుకుని ఒక తాత, ముందర మగ్గం. గోడ పక్కన మనిషి పట్టేంత సందు వదిలి గది పొడుగునా పరిచిన పడుగు, అంటే నిలువు పోగులు, ఎర్రటి నూలు. మూలన మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద గంజి. గదంతా జొన్న గంజి వాసన, తడి నూలు వాసన.

తాత తలెత్తి మమ్మల్నందరినీ చూశాడు. లేవలేదు. "పంతులయ్యా, కాళ్ళు కడుక్కొని రాండ్రి. నూలు మీద దుమ్ము పడ్తది" అన్నాడు.

మౌల్వీసాబు ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న బడి అది. మారు మాట్లాడకుండా బయటికి పోయి కాళ్ళు కడుక్కుని వచ్చాడు. మేమూ కడుక్కున్నాం. ఆ రోజు నుంచి ఆ బడికి పెద్ద ఎవరో మాకు తెలిసిపోయింది.

వాళ్ళు నల్లగొండ దిక్కు నుంచి వచ్చినవాళ్ళు. తాత, అవ్వ, ఇద్దరే. గడబిడలో వాళ్ళ ఇల్లు కాలిపోయింది. ఎవరు కాల్చారని మా అమ్మ అడిగితే అవ్వ, "మంటకు పేరుంటదా బిడ్డా" అని ఊరుకుంది. నడిచి నడిచి వచ్చి, జోరు వానలో తెరిచి ఉన్న తలుపు చూసి లోపలికి వచ్చారట. నారాయణపేట షావుకారి ఒకాయన నూలు, మగ్గం కట్టెలు ఇస్తానన్నాడు, తాత గుంత తవ్వాడు. ఊళ్ళో ఇల్లు కిరాయికి ఇచ్చేవాళ్ళు లేక కాదు. "ఏం పని చేస్తరు?" అంటే "బట్టలు నేస్తం" అనగానే తలుపులు మూసేసేవాళ్ళు. నిజమే మరి, నడింట్లో నడుం లోతు గుంత తవ్వుకుంటామంటే కిరాయికి ఎవరిస్తారు? మగ్గం గుంత తవ్వడానికి తన సొంత జాగా ఉండాలి. లేదంటే ఎవరూ అడగని జాగా ఉండాలి. అట్లా మా మూడో తరగతి వాళ్ళకు దొరికింది.

మౌల్వీసాబు వాళ్ళను పొమ్మనలేకపోయాడు. ఆ రోజుల్లో ఎవరి భయం వాళ్ళకుండేది, ఆయన భయం ఇంకాస్త ఎక్కువ. ఉర్దూ బళ్ళన్నీ తెలుగు బళ్ళు చేస్తారట, పాత పంతుళ్ళను తీసేస్తారట అని విని ఆయన దినానికి రెండు తమలపాకులు ఎక్కువ నమిలేవాడు. మమ్మల్ని మగ్గానికి ఇవతల సగంలో కూర్చోబెట్టాడు. "దో ఏకం దో, దో దూనీ చార్" అని మేము ఎక్కాలు చెబుతుంటే అవతలి నుంచి టకటక, టకటక. పోగు మోసుకుపోయే నాడె ఇటు పోతే దో, అటు పోతే చార్. తాత వేగం పెంచితే మేమూ పెంచేవాళ్ళం. ఆ ఏడాది ఎక్కాలు వచ్చినంత గట్టిగా నాకు మళ్ళీ ఏదీ రాలేదు.

చిక్కు పుస్తకాలతో వచ్చింది. పాత పుస్తకాల్లో మొదటి పేజీలోనే నిజాం మీద పాట. అవి చెప్పొద్దన్నారు. కొత్తవి వస్తాయన్నారు, రాలేదు. పుస్తకం లేకుండా ఎన్నాళ్ళని ఎక్కాలు చెబుతాడు? మౌల్వీసాబు ఇంట్లోంచి మఖ్మల్ గుడ్డలో చుట్టిన ఉర్దూ నవల ఒకటి పట్టుకొచ్చాడు. పేరు మాకు చెప్పలేదు, పాఠాల జాబితాలో లేని పుస్తకం చెప్పానని ఎక్కడ పట్టుకుంటారోనని. ఒక పట్నంలో పాత సరాయిలో, అంటే సత్రంలో, పన్నెండు కుటుంబాలు తలదాచుకుంటాయి. సరాయి కొన్న సేటు వాళ్ళను వెళ్ళగొట్టబోతాడు. ఆ సేటు దగ్గరే పని చేసే వకీలు ఒకనాడు వానలో ఆ సరాయి అరుగు మీద నిలబడతాడు, ఆ పిల్లల్ని చూస్తాడు, మర్నాడు సేటుకే ఎదురు తిరుగుతాడు. అంతే కథ. కాని మౌల్వీసాబు చదివే తీరు వేరు. వకీలు మాట్లాడేటప్పుడు లేచి నిలబడేవాడు, కళ్ళు తుడుచుకునేవాడు. ఆ ఘట్టాలు వచ్చినప్పుడు మగ్గం చప్పుడు కూడా ఆగిపోయేది. ఆయన కళ్ళు తుడుచుకోగానే "అయిపాయెనా?" అని తాత అడిగి, మళ్ళీ టకటక మొదలుపెట్టేవాడు.

చదివింది చాలదని మా చేత కచేరీ, అదే కోర్టు ఆట, ఆడించాడు. జడ్జి పట్వారి కొడుకు. వాడికి ఒక్కడికే కాళ్ళకు బూట్లుండేవి, అందుకని. వకీలు నేను. బడికి వచ్చే ఆడపిల్లలం ముగ్గురమే అయినా, నోరు మాత్రం నాదే పెద్దది. "దీని నోరు చూసి దీన్నెవడు చేసుకుంటడు" అని మా అమ్మ ఏడ్చేది. "వకీలు చేసుకుంటడు తియ్యి" అనేవాడు బాపు. మౌల్వీసాబు తన పాత షేర్వానీ ఒకటి నాకు తొడిగాడు. చేతులు మోకాళ్ళ దాకా వేలాడేవి. పట్వారి కొడుక్కు తీర్పు అంటే ఒకటే తెలుసు. నేను గంటసేపు గొంతు చించుకుని వాదిస్తే వాడు నిద్ర లేచి, "ఫాంసీ!" అనేవాడు. ఎవరికి ఉరిరా అంటే, "అందరికీ" అనేవాడు.

ఇల్లు లేనివాళ్ళ వేషం వేయడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. ఒక పొడుగు పిల్లవాణ్ణి బెల్లం ఆశ పెట్టి ఒప్పించాం. వాడికి ఎట్లా కూర్చోవాలో, ఎట్లా ఏడవాలో రాదు. నాకొక మంచి ఆలోచన వచ్చింది. మగ్గం దగ్గరికి పోయి, "తాతా, ఇల్లు లేనోళ్ళు ఎట్ల ఉంటరో జర వీనికి చెప్పరాదు" అన్నాను.

తాత నాడె ఆపాడు. నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. "నన్నెందుకు అడుగుతున్నవే? నాకేం ఎరుక? పోయి ఎవర్నన్న ఇల్లు లేనోన్ని అడుగు పో" అన్నాడు. నేను వెర్రిమొహం వేసుకుని వెనక్కి వచ్చాను. పొయ్యి దగ్గర అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అవ్వ అంటే మాకు తాతంత భయం లేదు. నూలుకు పట్టించే గంజిలో ఉప్పు, మిరపపొడి కలుపుకుని దొంగతనంగా తాగేవాళ్ళం. వేడి వేడిగా, ఎంత రుచో. పడుగు కోసం ఆమె ఒక కుండ కాస్తే సగం కుండ మా పొట్టల్లోకి పోయేది. "ఓరి మీ కడుపులు కాల, మీరు తిన్న గంజితోని నాలుగు చీరలు నేద్దుము గదరా" అని తిట్టేది. తిడుతూనే మర్నాడు ఇంకొంచెం పెద్ద కుండ పెట్టేది. సజ్జరొట్టె మీద పల్లీల కారం వేసి చేతికిచ్చేది. ఆ రొట్టె కోసం నేను ఇంట్లో అన్నం వద్దనేదాన్ని.

ఇట్లా సాగుతుండగా ఒకనాడు బడుల తనిఖీకి కొత్త ఇన్స్పెక్టరు దిగాడు. కోస్తా నుంచి వచ్చినాయన. పంచె కట్టు, పైన కోటు, చేతిలో గొడుగు. ముందుగా కబురు లేదు. సరిగ్గా ఆయన గడపలో అడుగు పెట్టేసరికి పట్వారి కొడుకు బల్ల గుద్ది, "అందరికీ ఫాంసీ!" అని అరిచాడు. అప్పుడప్పుడే గడబిడ తగ్గిన రోజులు. ఇన్స్పెక్టరు గొడుగు కింద పడేశాడు. మౌల్వీసాబు నోట్లోని తమలపాకు మింగేసి దగ్గుతూ ఉండిపోయాడు.

కాస్త తేరుకుని ఇన్స్పెక్టరు గదంతా కలియచూశాడు. "ఏమిటండీ ఇది? బడా, నేతశాలా?" అన్నాడు. 'అండీ' అనేసరికి మాకు నవ్వాగలేదు. మౌల్వీసాబు మా వైపు చూసిన చూపుకు ఆగింది. మౌల్వీసాబు ఏదో చెప్పబోయాడు గాని ఆయన తెలుగు సగంలోనే ఉర్దూలోకి జారిపోయింది. ఇన్స్పెక్టరు తలూపి, "పిల్లలు ఇరుక్కుని కూర్చుంటున్నారు. ఈ గది బడిది. వీళ్ళు ఖాళీ చేయాలి" అన్నాడు. గొంతు గట్టిగా లేదు, కాని మాట మాటే.

తాత మగ్గం ఆపాడు. అవ్వ పొయ్యి దగ్గర లేచి నిలబడింది. వీళ్ళు పోతే ఎక్కడికి పోతారు, నడింట్లో గుంత తవ్వుకోనిచ్చేది ఎవరు? షేర్వానీ ఒంటి మీదే ఉంది. అందుకే అంత ధైర్యం వచ్చిందేమో, ముందుకు పోయి నవల్లో వకీలు మాటలు గడగడా అప్పజెప్పాను, చక్కని ఉర్దూలో, సరాయి, సేటు, పన్నెండు కుటుంబాలు అన్నీ కలిపి.

ఇన్స్పెక్టరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "తెలుగులో చెప్పమ్మా" అన్నాడు.

తెలుగులో నవల లేదు కాబట్టి నా సొంతం చెప్పాల్సి వచ్చింది. "సారూ, మగ్గం మీద పడుగున్నది. నేసుడు కాలే. మీ ఇంట్ల పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే కుండ ఎత్తి బజార్ల పెడ్తరా?" అన్నాను.

ఆయన నన్నొకసారి చూసి మగ్గం దగ్గరికి వెళ్ళాడు. "పెద్దాయనా, ఈ పడుగుకు ఎన్ని చీరలు?"

"ఎనిమిది. రెండు అయినయ్. ఇప్పుడు కోస్తే నూలంత ఖరాబ్. షావుకారికి నేనేం జవాబ్ చెప్పాలె?" అన్నాడు తాత.

ఇన్స్పెక్టరు తనిఖీ పుస్తకం అడిగి, రాసి, అందరికీ వినబడేట్టు చదివాడు. మగ్గం మీద ఉన్న పడుగు ముగిసేంతవరకు ఈ కుటుంబం ఇక్కడ ఉండవచ్చును. ముగిసిన మరునాడే గది ఖాళీ చేయవలెను. మళ్ళీ రెండు నెలలకు వస్తానని గొడుగు దులుపుకుని వెళ్ళిపోయాడు.

నేను గెలిచానో ఓడానో నాకు తెలియలేదు. ఆ పూట మాత్రం గెలిచినట్టే ఎగిరాను. రాత్రికి బాపుతో చెబితే, "ఆరు చీరలంటే ఎన్ని దినాలు బిడ్డా? నెల పడ్తదా?" అన్నాడు. నాకు అన్నం సయించలేదు.

అప్పట్నుంచి మాకు చదువు మీద ధ్యాస లేదు. చీర ఒక్కొక్కటి చుట్టుకుంటుంటే మేము వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాళ్ళం. మూడు అయింది, నాలుగు అయింది. పట్వారి కొడుకు, "నేసుడు ఆపాలె" అన్నాడు. మొదటిసారి వాడి నోట్లోంచి ఫాంసీ కాక వేరే మాట వచ్చింది. నేను నాడె ఎత్తుకుపోయి మౌల్వీసాబు గొడుగులో దాచాను. తాత పూటంతా వెతికాడు. వాన పడి మౌల్వీసాబు గొడుగు తెరిస్తే నాడె ఆయన నెత్తి మీదే పడింది. ఇంకోనాడు గంజిలో నీళ్ళు పోశాం. గంజి పల్చబడి పోగులు తెగడం మొదలైంది. అయిదో చీర అంచు పాడయింది.

తాతకు కోపం వచ్చింది. ఎన్నడూ లేనిది గుంతలోంచి పైకి లేచాడు. "ఎవర్రా నా పని ఖరాబ్ చేసింది? మీరు నన్ను ఉంచుతరా ఈడ? మీ దయ మీద ఉంటనా నేను? ఎనిమిది అయినంక పోతనని చెప్పిన. పోత. గంతే!" అన్నాడు. తల వంచుకుని నేనే చేశానని చెప్పాను. నా ముఖం వైపు చూడకుండానే మళ్ళీ గుంతలోకి దిగాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను బడి వెనక గోడ దగ్గర కూర్చుని ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను.

ఎనిమిదో చీర చివరికొచ్చిన రోజు నేను పాఠం వదిలేసి అవ్వ పక్కన కూర్చున్నాను. అవ్వ కొత్త పడుగు తెచ్చి మగ్గం వెనక పరిచింది. పాత పడుగు కొసలు, కొత్త పడుగు మొదళ్ళు దగ్గరికి చేర్చి, వేళ్ళకు బూడిద అద్దుకుని, ఒక్కో పోగును ఒక్కో పోగుతో మెలిపెట్టి అతకడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నవ్ అవ్వా?"

"పడుగు అతుకుతున్న."

"పాతది అయిపోయింది గదా. తీసేసి కొత్తది పెట్టరా?"

అవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "తీసేస్తే దువ్వెన పండ్ల లెక్క ఉన్న ఈ పన్నె సందులల్లకెల్లి వెయ్యి పోగులు మళ్ళ ఎవ్వరు దూర్చాలె, మీ అమ్మనా? కొసకు కొస అతుకుడే. మగ్గం ఎన్నడన్న బోడిగ ఉంటదానే? ఇండ్లు కాలుతుంటే ఏం తెచ్చిన అనుకున్నవ్? గీ పన్నె, గీ కొసలు. సంకల పెట్టుకొని ఉరికిన. ఈ పడుగు మా అత్త ఎక్కించింది. నేను కాపురానికొచ్చినప్పటి సంది అతుకుతనే ఉన్న."

నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. "అంటే పడుగు ఎప్పటికి అయిపోదా అవ్వా?"

"మగ్గం ఉన్నన్ని దినాలు ఎట్లయిపోతదే?"

నేను అరిచిన అరుపుకు మౌల్వీసాబు బెత్తం పడేసి పరిగెత్తుకొచ్చాడు. తనిఖీ పుస్తకం తెరిపించి ఆ వాక్యం మూడుసార్లు చదివించాను. పడుగు ముగిసేంతవరకు! ఇన్ని చీరలని లేదు, ఇన్ని నెలలని లేదు. మౌల్వీసాబు నవల వకీలు కంటే గొప్పదానివని నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. అందరం వేళ్ళకు బూడిద పూసుకుని పోగులు అతకడానికి కూర్చున్నాం. మా చిన్న వేళ్ళకు పని త్వరగా పట్టుబడింది. తాత మాత్రం, "గిదేం న్యాయమే, మోసం గాదా?" అని గొణుక్కున్నాడు. "నేను ఎప్పటి పనే చేస్తున్న. మోసమేంది?" అని అవ్వ కసిరింది.

రెండు నెలలకు ఇన్స్పెక్టరు వచ్చాడు. ఈసారి మేము సిద్ధంగా ఉన్నాం. షేర్వానీ ఉతికించాం, పట్వారి కొడుకును కుర్చీలో కూర్చోబెట్టాం. ఇన్స్పెక్టరు మగ్గం వైపు చూసి, "ఇంకా ఉన్నారే! ఎనిమిది చీరలూ కాలేదా?" అన్నాడు.

"ఎనిమిది అయినయ్ సారూ. పడుగు కాలే" అన్నాను. అని మొదలుపెట్టాను. జడ్జి వైపు తిరిగి, చేతులు ఊపుతూ, షేర్వానీ చేతులు గాల్లో ఎగురుతుంటే, పడుగు ఎట్లా అతుకుతారో, ఎందుకు అయిపోదో, సర్కారు రాసిన మాట సర్కారే ఎట్లా తప్పుతుందో, అంతా ఊపిరి పీల్చుకోకుండా వాదించాను. నా జీవితంలో అంత బాగా మళ్ళీ మాట్లాడలేదు. ఎవరూ అడ్డురాలేదు. నేను ఆపాక పట్వారి కొడుకు అలవాటుగా "ఫాంసీ" అనబోయి, నా కళ్ళు చూసి, "వదిలెయ్యిండ్రి" అన్నాడు.

ఇన్స్పెక్టరు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "నేను రాసిన మాటకు నేనే చిక్కుకున్నానన్నమాట" అన్నాడు. తనిఖీ పుస్తకంలో, పడుగు ఇంకా ముగియలేదు అని రాసి సంతకం పెట్టాడు.

మేము చేసిన గోలకు ఊరు ఊరంతా బడి ముందుకు వచ్చింది. బాపు నన్ను భుజాల మీదికెత్తుకున్నాడు. తాత కూడా నవ్వాడు. ముందరి పళ్ళు రెండు లేవని అప్పుడే తెలిసింది. ఆ ఇన్స్పెక్టరు బదిలీ అయి తరువాత వచ్చినవాళ్ళు కూడా పాత పేజీ చూసి, పడుగు ఇంకా ముగియలేదు అని అట్లాగే దింపుకుని పోయేవాళ్ళు. మూడు వానాకాలాలు గడిచాక ఊరి చివర వాళ్ళకు సొంత జాగా దొరికింది. మూడో తరగతి గుంత పూడ్చిన రోజు అందరం తలా ఒక తట్ట మట్టి పోశాం.

తరువాత రెండేళ్ళకేమో, నా పెళ్ళికి అవ్వ వచ్చింది. తాత నేసిన ఎర్ర చీర తెచ్చి, తానే కట్టి, తల దువ్వుతూ కూర్చుంది. నేను ఎప్పట్లాగే ఆ కేసు సంగతి ఎత్తి గొప్పలు పోతున్నాను. అవ్వ దువ్వెన ఆపింది.

"ఇయ్యాల చెప్పకపోతే ఇంక చెప్పనేమో బిడ్డా. గా సారుకు మగ్గం ఎరుకే. ఆయన నేతోళ్ళ ఇంటి పిలగాడే."

"ఎవరు? ఇన్స్పెక్టరా?"

"మొదటి దినమే అనుమానమొచ్చింది నాకు. మీరందరు పడుగు మీదికెల్లి దాటుకుంట పోతుండె. ఆయన దాటలే. గోడెంబడి చుట్టు తిరిగొచ్చిండు. తెలిసినోడు పడుగు దాటడు. రెండోసారి నువ్వు చేతులూపుకుంట వాదిస్తుంటె నీ షేర్వానీ చెయ్యి తగిలి పోగు తెగింది. నువ్వు అటు తిరిగి అరుస్తున్నవ్. ఆయన వంగి, పొయ్యిల బూడిద వేలికి అద్దుకొని, నిమిషంల అతికిండు. నాకన్న మంచిగ అతికిండు."

నేను గిర్రున అవ్వ వైపు తిరిగాను. "మరి ముందే ఉండుమని రాయొచ్చు గదా?" అన్నాను.

"గదే అడిగిన, పోయేటప్పుడు సల్లనీళ్ళు ఇచ్చుకుంట. ఉండుమని రాస్తే పైవాళ్ళు ఒప్పుకోరంట. పడుగు అయ్యేదాంక అని రాస్తే ఎవ్వనికి అనుమానం రాదంట. పడుగు ఎప్పటికి కాదని ఆయనకు తెల్వదా? పిల్లలకు చెప్పకమ్మా, గెలిచినమనుకుంటున్నరు, అనుకోనియ్యి అన్నడు."

"ఇన్నేండ్లు చెప్పకుంటివి. ఇయ్యాల ఎందుకు చెప్పినవ్ అవ్వా?"

అవ్వ జడకు పూలు చుట్టింది. "కొత్తింటికి పోతున్నవ్. ఆడ నోరు తగ్గించుకోమని మీ అమ్మ చెప్పే ఉంటది. నేను గట్ల చెప్ప. నోరు ఉండనియ్యి. గని అరుచుకుంటనే ఎదుటోళ్ళు ఏం చేస్తున్నరో జర వెనుకకు తిరిగి చూస్తుండు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆ కేసు నేను గెలవలేదని ఒక పక్క, ఆ మనిషి వెళ్తుంటే కనీసం దండం పెట్టలేదని ఇంకో పక్క. ఎక్కిళ్ళు పెడుతూనే పెళ్ళిపీటల మీద కూర్చున్నాను. పుట్టిల్లు విడిచిపోతున్నందుకు ఇంత ఏడుస్తున్నదని ఊరంతా అనుకుంది. నోరున్న పిల్లయినా ఎంత ప్రేమో అని మా అమ్మ కూడా ఏడ్చింది. అసలు సంగతి నేను అప్పుడు ఎవరికీ చెప్పలేదు.